సూర్యుడి వెంట తిరిగే సోలార్ ప్యానెళ్లు: లాభం ఎంతో సొంతంగా లెక్కకట్టే పద్ధతి

ప్యానెల్‌ను సూర్యుడి వెంట తిప్పే ట్రాకర్ పెడితే 40 శాతం ఎక్కువ కరెంటు వస్తుందని అమ్మేవారు చెప్పే మాట పూర్తిగా అబద్ధం కాదు, అలాగని మన ప్రాంతానికి పూర్తిగా నిజమూ కాదు. ఆకాశం ఏడాదిలో ఎక్కువ రోజులు నిర్మలంగా ఉండే ఎడారి ప్రాంతంలో, రెండు అక్షాల మీద తిరిగే ఏర్పాటుకు వర్తించే అంకె అది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మబ్బు పట్టి ఉండే తెలుగు రాష్ట్రాల్లో, తూర్పు నుంచి పడమరకు మాత్రమే తిరిగే ఒంటి అక్షం ట్రాకర్‌కు 15 నుంచి 20 శాతం వరకు ఆశించడం సబబు. ఆ అదనపు కరెంటు మీకు నిజంగా పనికొస్తుందా, దానికి పెట్టే ఖర్చుతో అంతకంటే తేలికైన మార్గం మరొకటి ఉందా అన్నవి వేరే ప్రశ్నలు. వాటికి ఎవరి మాటా నమ్మనక్కరలేకుండా జవాబు రాబట్టుకునే క్రమాన్ని ఈ వ్యాసంలో అడుగడుగునా వివరిస్తాను. కావలసినవి ఒక నిలువు కర్ర, కోణమానిని, ఇంటర్నెట్ ఉన్న ఫోను, కాస్త ఓపిక.

మొదటి అడుగు: కరెంటు ఏ గంటల్లో కావాలో తేల్చుకోండి

ట్రాకర్ వల్ల మధ్యాహ్నం 12 గంటల ఉత్పత్తి పెద్దగా మారదు. కదలని ప్యానెల్ కూడా ఆ సమయంలో సూర్యుడికి దాదాపు ఎదురుగానే ఉంటుంది కనుక, తేడా అంతా ఉదయం 7 నుంచి 10 వరకు, సాయంత్రం 3 నుంచి 5 వరకు కనిపిస్తుంది. గ్రాఫుగా గీస్తే కదలని ప్యానెల్ ఉత్పత్తి గుట్టలా పెరిగి తరుగుతుంది, ట్రాకర్ ఉత్పత్తి మాత్రం పొద్దున్నే నిటారుగా లేచి, బల్లపరుపుగా సాగి, సాయంత్రం ఒక్కసారిగా దిగుతుంది.

నెట్ మీటరింగ్ (మిగిలిన కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి, ఆ మేరకు బిల్లులో తగ్గించుకునే ఏర్పాటు) ఉన్న ఇంటికి ఈ ఆకారం ముఖ్యం కాదు, ఎందుకంటే ఏ గంటలో పుట్టిన యూనిట్ అయినా బిల్లులో ఒకే లెక్కకు వస్తుంది. బోరు మోటారు నడిపే రైతుకు, పగటి పొడవునా సమానంగా లోడు ఉండే మిల్లుకు, సాయంత్రం కరెంటుకు ఎక్కువ ధర పలికే పెద్ద ప్లాంటుకు మాత్రం ఆకారమే అసలు విషయం. మీరు వీరిలో ఎవరో ముందే తేల్చుకుంటే తర్వాతి లెక్కలు సులువవుతాయి.

రెండో అడుగు: మీ చోట సూర్యుడి దారిని కొలవండి

చదునైన నేల మీద కర్రను నిలువుగా పాతి, ఉదయం పదకొండున్నర నుంచి ఒంటిగంట వరకు ఐదేసి నిమిషాలకు నీడ కొనను గుర్తించండి. నీడ అతి పొట్టిగా ఉన్న క్షణమే మీ ఊరి అసలు మధ్యాహ్నం, ఆ నీడ గీతే ఉత్తర దక్షిణ రేఖ. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానికి కట్టుబడి నడుస్తుంది కనుక, దానికి 4 డిగ్రీలు పడమరగా ఉన్న హైదరాబాద్‌లో అసలు మధ్యాహ్నం సగటున 12.16కు అవుతుంది, ఏడాదిలో ఇది నవంబరు మొదట్లో 12.00కు, ఫిబ్రవరి మధ్యలో 12.30కు మారుతూ ఉంటుంది. విశాఖపట్నంలో ఇదే నవంబరులో పన్నెండు కాకముందే, 11.41 ప్రాంతంలో వస్తుంది. గడియారాన్ని చూసి దిక్కులు పెట్టేవారు ఇక్కడే పొరబడతారు.

డాబా మీద దిక్సూచిని నమ్మవద్దు. మన రాష్ట్రాల్లో అయస్కాంత ఉత్తరానికి, అసలు ఉత్తరానికి మధ్య తేడా రెండు డిగ్రీలు కూడా ఉండదు గాని, స్లాబులోని ఇనుప చువ్వలు ముల్లును దానికి అనేక రెట్లు పక్కకు లాగగలవు. కర్ర నీడకు ఆ బెడద లేదు.

ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలువు కర్రకు నీడే లేకుండా పోతుంది. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఆ నెలల్లో కొలిచేవారు నీడ కొన చూపేది ఉత్తరమనుకుని స్ట్రక్చర్ బిగిస్తే ప్యానెళ్లు వెనక్కు తిరిగి కూర్చుంటాయి. డిసెంబరు 21న మాత్రం మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించడు. ఉత్తర దక్షిణాలుగా ఏడాదిలో 47 డిగ్రీల ఊగిసలాట, తూర్పు పడమరలుగా ప్రతిరోజూ 180 డిగ్రీల ప్రయాణం: ఏ కదలికను అనుసరిస్తే ఎక్కువ ఫలితమో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

మూడో అడుగు: కోణం వల్ల పోయేదెంతో లెక్కవేయండి

సూర్యకిరణం ప్యానెల్ మీద నిటారుగా పడక కొంత వాలుగా పడితే, ఆ వాలు కోణపు కొసైన్ విలువ మేరకే శక్తి అందుతుంది. 15 డిగ్రీల వాలుకు 97 శాతం, 30కి 87, 45కి 71, 60కి 50 శాతం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, పగలు, రాత్రి సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు విషువత్తుల రోజుల్లో దక్షిణానికి సరిగ్గా వాల్చిన ప్యానెల్‌కు అసలు మధ్యాహ్నానికి నాలుగు గంటల ముందు సగం శక్తే దక్కుతుంది.

ఈ పట్టికనే జాగ్రత్తగా చదివితే మరో విషయం బోధపడుతుంది. 5 డిగ్రీల గురి తప్పితే నష్టం అర శాతం లోపే, 10 డిగ్రీలు తప్పినా ఒకటిన్నర శాతమే. అంటే సాధారణ ప్యానెల్‌కు అతి సూక్ష్మమైన గురి అవసరం లేదు. అనంతపురం జిల్లా నాగలాపురంలోని 50 మెగావాట్ల సౌర ఉష్ణ విద్యుత్ కేంద్రం లాంటి చోట్ల సంగతి వేరు. అక్కడ దోనె ఆకారపు అద్దాలు ఎండను సన్నని గొట్టం మీదికి కుదిస్తాయి కాబట్టి, గురి కాస్త తప్పినా వేడి గొట్టాన్ని దాటిపోతుంది. కేంద్రీకరించే యంత్రానికి ట్రాకింగ్ ప్రాణం, చదును ప్యానెల్‌కు అది అదనపు సౌకర్యం మాత్రమే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. అసలు మధ్యాహ్నానికి అటూ ఇటూ నాలుగున్నర గంటలు, మొత్తం 9 గంటలు తీసుకుందాం. గాలి పొర ప్రభావాన్ని పక్కన పెట్టి కోణం ఒక్కటే చూస్తే, నిరంతరం తిరిగే ప్యానెల్‌కు అందే సూటి కిరణాలను 100 అనుకున్నప్పుడు కదలని ప్యానెల్‌కు 78 అందుతాయి. రోజుకు రెండే స్థానాలు, అంటే పొద్దున తూర్పుకు, మధ్యాహ్నం నుంచి పడమరకు తిప్పితే 94 అందుతాయి. మూడు స్థానాల్లో నిలిపితే 97 దాటుతాయి. కోల్పోతున్న 22లో 16 పాళ్లను మధ్యాహ్నం ఒక్కసారి చేత్తో తిప్పడమే వెనక్కు తెచ్చింది. ఖరీదైన మోటార్లు, సెన్సార్లు పోరాడేది మిగిలిన ఆరు పాళ్ల కోసం. ట్రాకింగ్ గురించి మాట్లాడేవారు ఈ లెక్కను ఎందుకు ముందుగా చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాలుగో అడుగు: మీ ఆకాశాన్ని లెక్కలోకి తీసుకోండి

వాతావరణమే లేకపోతే, విషువత్తు రోజున పన్నెండు గంటలూ సూర్యుణ్ణి అనుసరించే ప్యానెల్ కదలని దానికంటే 57 శాతం ఎక్కువ శక్తి అందుకుంటుంది. అది జ్యామితి విధించే గరిష్ఠ హద్దు. అంతా మనకు దక్కకపోవడానికి మొదటి కారణం, ఉదయం ఎనిమిది ప్రాంతంలో కిరణాలు దాటాల్సిన గాలి పొర సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పటికంటే దాదాపు రెండింతలు ఉండడం. ట్రాకర్ అదనంగా పట్టుకునే గంటలన్నీ ఇలా ఎండ పలచబడిన గంటలే.

రెండో కారణం మబ్బు. సూటి కిరణాలకు దిక్కు ఉంటుంది, మబ్బుల్లో, దుమ్ములో చెదిరి ఆకాశమంతటి నుంచీ వచ్చే వెలుతురుకు దిక్కు ఉండదు. పూర్తిగా ముసురు పట్టిన రోజున 45 డిగ్రీలు వాల్చిన ప్యానెల్‌కు ఆకాశంలో 85 శాతమే కనిపిస్తుంది, చదునుగా పరిచిన దానికి మొత్తం కనిపిస్తుంది. అంటే శ్రావణ మాసపు ముసురులో లేని సూర్యుడి వెంట తిరిగే ట్రాకర్, తిరగకుండా పడుకున్న ప్యానెల్ కంటే తక్కువ పండిస్తుంది. ట్రాకర్‌ను ఎటు తిప్పాలో నిర్ణయించే పరికరాలైన కంట్రోలర్లలో మంచివి ఇలాంటి సమయాన్ని గుర్తించి ప్యానెళ్లను చదును చేస్తాయి. కొనేటప్పుడు ఈ సదుపాయం ఉందో లేదో అడగండి.

మూడో సంగతి చలికాలానిది. ఉత్తర దక్షిణాలుగా అడ్డంగా వేసిన అక్షం మీద తిరిగే ట్రాకర్ మధ్యాహ్నానికి పూర్తిగా చదునవుతుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణంగా వంగి ఉన్నందున హైదరాబాద్‌లో ఆ క్షణాన దానికి అందేది 76 శాతమే, 17 డిగ్రీలు దక్షిణానికి వాల్చిన కదలని ప్యానెల్‌కు 92 శాతం అందుతుంది. కాబట్టి ఈ ట్రాకర్ లాభం ఏడాదంతా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి చివరి నుంచి మే వరకు బాగా ఉంటుంది, వానాకాలంలో సన్నగిల్లుతుంది, డిసెంబరు మధ్యాహ్నాల్లో ఎదురు నష్టం కూడా చూపుతుంది.

ఎండాకాలపు లాభంలోనూ కొంత కోత పడుతుంది. ప్యానెళ్లలో వాడే సిలికాన్ సెల్ 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం సామర్థ్యం కోల్పోతుంది, రోహిణి కార్తె మధ్యాహ్నాల్లో సెల్ 65 డిగ్రీలకు చేరడం మామూలే. అయితే ట్రాకర్ ఎక్కువగా సంపాదించేది కాస్త చల్లగా ఉండే ఉదయం వేళల్లో కావడం దానికి కలిసివచ్చే అంశం.

ఐదో అడుగు: కంప్యూటర్‌లో రెండు ఏర్పాట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి

అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల రూపొందించిన పీవీవాట్స్, ఐరోపా కమిషన్ అందించే పీవీజీఐఎస్ అనే రెండు ఉచిత సాధనాలూ మన ఊళ్లకు పనిచేస్తాయి. పీవీవాట్స్‌లో మీ ఊరు ఎంచుకుని సామర్థ్యం 1 కిలోవాట్‌గా ఇచ్చి, మొదట కదలని ఏర్పాటును 15 నుంచి 17 డిగ్రీల వాలుతో, దక్షిణానికి 180 అనే అంకెతో లెక్కించండి. నష్టాల శాతం మార్చకుండా, రెండోసారి ఒంటి అక్షం ఎంచుకుని వాలును సున్నా చేయండి. మూడోసారి రెండు అక్షాలతో చూడండి.

మొత్తం సంవత్సరపు అంకె దగ్గర ఆగిపోకుండా నెలల వారీ పట్టికను పక్కపక్కన రాసుకోండి. నాలుగో అడుగులో చెప్పిన హెచ్చుతగ్గులు అందులో కళ్లకు కడతాయి. ఒంటి అక్షం నుంచి రెండు అక్షాలకు మారినప్పుడు అదనంగా వచ్చేదెంతో, ఆ రెండో మోటారుకు, బరువైన స్తంభానికి, పునాదికి అయ్యే ఖర్చెంతో బేరీజు వేసి చూస్తే, పెద్ద ప్లాంట్లు దాదాపుగా ఒంటి అక్షాన్నే ఎందుకు ఎంచుకుంటాయో తెలుస్తుంది.

ఆరో అడుగు: ఎవరికి ఏది తగునో నిర్ణయించుకోండి

ముందు ఇంటి డాబా. మన ప్రాంతంలో 3 కిలోవాట్ల కదలని ఏర్పాటు రోజుకు సగటున 12 యూనిట్ల దాకా ఇస్తుంది. ట్రాకర్‌తో 18 శాతం లాభం అనుకుంటే రెండు యూనిట్ల పైచిలుకు పెరుగుతుంది. 3 కిలోవాట్లలో 18 శాతం అంటే 540 వాట్లు, ఇప్పుడు బజారులో దొరికే పెద్ద ప్యానెల్ ఒక్కదాని సామర్థ్యం. ఇన్వర్టర్ అనుమతిస్తే, జాగా ఉంటే, కదిలే భాగమేదీ లేని ఆ ఒక్క ప్యానెల్ అదనంగా బిగించుకోవడమే తెలివైన పని. ప్యానెళ్లు బంగారంలా ఖరీదున్న రోజుల్లో ప్రతి ప్యానెల్ నుంచి ఆఖరి బొట్టు దాకా పిండుకోవడం అర్థవంతంగా ఉండేది, ఇప్పుడు ఇంటి మీద ట్రాకర్ పెట్టడం ముచ్చట తీర్చుకోవడమే అవుతుంది. పైగా డాబా అంచున గాలికి తెరచాపలా లేచి నిలబడే ప్యానెల్‌ను స్లాబు మోయగలదా అన్నది ఇంజనీరును అడగవలసిన ప్రశ్న.

బోరు మోటారు దగ్గర లెక్క తిరగబడుతుంది. సోలార్ పంపు వేగం ఎండను బట్టి మారుతుంది. పంపు ఇచ్చే నీరు వేగంతో పాటు పెరిగితే, నీటిని ఎత్తగల ఎత్తు వేగం వర్గాన్ని, తినే శక్తి వేగం ఘనాన్ని అనుసరిస్తాయి. లోతైన బోరులో పూర్తి వేగంలో 80 శాతానికి చేరితే తప్ప నీరు పైకి రాదనుకుందాం. 0.8 ఘనం 0.51, అంటే సగం శక్తి అందేవరకు మోటారు తిరుగుతుందే గాని పైపులోంచి చుక్క పడదు. కదలని ప్యానెల్‌తో ఆ సగం శక్తి అందేసరికి, గాలి పొర ప్రభావాన్ని కూడా కలుపుకుంటే, తొమ్మిది గంటల ప్రాంతమవుతుంది, సూర్యుడికి ఎదురు తిరిగిన ప్యానెల్‌తో అంతకు చాలా ముందే నీరు మొదలవుతుంది. సాయంత్రమూ అంతే. కాబట్టి శక్తిలో వచ్చిన లాభం కంటే నీటిలో వచ్చే లాభం శాతంగా ఎక్కువగా ఉంటుంది. బోరు ఎంత లోతైతే ఈ తేడా అంత పెరుగుతుంది.

అందుకే సోలార్ పంపులకు కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ రూపొందించిన ప్రమాణాల్లో ప్యానెళ్లను రోజుకు మూడుసార్లు చేత్తో తిప్పే వీలు, రుతువును బట్టి వాలు మార్చే వీలు ఉండాలని పేర్కొన్నారు. చాలా పొలాల్లో ఆ ఏర్పాటు ఉన్నా, బోల్టులు తుప్పు పట్టి ప్యానెల్ మొదటి రోజు బిగించిన చోటే మిగిలిపోవడం కనిపిస్తుంది. ఆ బోల్టులకు గ్రీజు పెట్టి, పొద్దున పొలానికి వచ్చినప్పుడు తూర్పుకు 45 డిగ్రీలు వాల్చి, పదకొండు గంటలకు కాస్త ముందు చదును చేసి, రెండు గంటలకు కాస్త ముందు పడమరకు 45 డిగ్రీలు వాల్చితే, మూడో అడుగులో లెక్కించిన 97 శాతం పైసా ఖర్చు లేకుండా అందుతుంది. పొలంలో మనిషి ఉండే చోట ఇంతకంటే మంచి ట్రాకర్ లేదని నా అభిప్రాయం.

ఇక ఎకరాల కొద్దీ నేల మీద వేసే ప్లాంటు. అక్కడ పొడవాటి వరుసకు ఒకే మోటారు సరిపోతుంది కనుక ప్యానెల్ ఒక్కింటికి ట్రాకర్ ఖర్చు తగ్గుతుంది, సాయంత్రపు యూనిట్లకు విలువ కూడా ఉంటుంది. తర్వాతి రెండు అడుగులు ముఖ్యంగా వారి కోసం.

ఏడో అడుగు: వరుసల మధ్య దూరం చూడండి

ఉదయం ప్యానెళ్లన్నీ తూర్పుకు నిటారుగా లేస్తే ముందు వరుస నీడ వెనుక వరుస మీద పడుతుంది. ప్యానెల్‌లోని సెల్‌లు గొలుసుగా కలిపి ఉంటాయి కాబట్టి, కింది అంచున పడిన సన్నని నీడ కూడా దాని వైశాల్యానికి మించి ఉత్పత్తిని కోస్తుంది.

2 మీటర్ల వెడల్పు ప్యానెళ్లను వరుసకు వరుసకు 4 మీటర్ల దూరంలో వేశారనుకోండి. ప్యానెల్ వెడల్పును దూరంతో భాగిస్తే 0.5 వస్తుంది. 0.5 కొసైన్‌గా ఉన్న కోణం 60 డిగ్రీలు, కనుక సూర్యుణ్ణి అనుసరించే వాలు 60 డిగ్రీలు దాటినప్పుడల్లా నీడ పడుతుంది. 5 మీటర్ల దూరం ఇస్తే ఆ హద్దు 66 డిగ్రీలకు పెరుగుతుంది గాని నేల ఎక్కువ కావాలి. ఈ చిక్కుకు కంట్రోలర్లు వాడే ఉపాయం వెనుతిరుగుడు. తెల్లవారుజామున ప్యానెల్ సూర్యుడి వైపు తిరగకుండా చదునుగా ఉండి, పొద్దెక్కే కొద్దీ నీడ పడనంత మేరకు తూర్పుకు లేచి, హద్దు దాటాక మామూలుగా పడమరకు అనుసరిస్తుంది. కొత్తగా చూసేవారు ప్యానెల్ ఎదురు దిశలో తిరుగుతోందని, యంత్రం చెడిపోయిందని కంగారు పడతారు. అది లోపం కాదు.

నేల ఎగుడుదిగుడుగా ఉంటే వరుసల ఎత్తు తేడాలను కూడా కంట్రోలర్‌లో నమోదు చేయించాలి. చదును నేలకు రాసిన లెక్కను వాలు నేల మీద నడిపితే, ఒక వరుస తప్పించుకున్న నీడ మరో వరుస మీద పడుతుంది.

ఎనిమిదో అడుగు: కంట్రోలర్, గాలి

ట్రాకర్‌కు సూర్యుడి స్థానం తెలిసే మార్గాలు రెండు. ఒకటి వెలుతురును గుర్తించే సెన్సార్ల జంట, ఏది ఎక్కువ వెలుతురు చూస్తే అటు మోటారు తిప్పుతుంది. విద్యార్థుల ప్రాజెక్టులలో కనిపించేది ఇదే. మబ్బు అంచు మెరుపుకు, సెన్సార్ మీద పడిన దుమ్ముకు ఇది తేలికగా మోసపోతుంది. రెండోది తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాల నుంచి సూర్యుడి స్థానాన్ని గణించడం. పంచాంగకర్త ఆకాశం చూడకుండానే గ్రహస్థితి చెప్పినట్టు, దీనికి మబ్బుతో పని లేదు. పది నిమిషాలకోసారి రెండున్నర డిగ్రీలు కదిపినా చాలు కాబట్టి మోటారు తినే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. నా ఓటు రెండోదానికే.

గాలి విషయంలో మాత్రం పొదుపు కూడదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్ల మూల గాలి వేగాన్ని (నిర్మాణాల బలాన్ని లెక్కించడానికి ఆధారంగా తీసుకునే వేగాన్ని) చూపుతుంది. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. స్ట్రక్చర్ ఈ వేగానికి లెక్కించిందని రాతపూర్వకంగా తీసుకోండి. గాలి పెరిగినప్పుడు ప్యానెళ్లు ఏ కోణంలో ఆగాలో తయారీదారు చెప్పినట్టే అమర్చాలి. పూర్తిగా చదునుగా ఉంచడమే అన్ని వేళలా క్షేమం కాదు, పొడవాటి వరుసలు ఆ స్థితిలో మెలితిరిగి ఊగిపోయే ప్రమాదం ఉంది. మరొకటి, తుపానులో ముందుగా పోయేది కరెంటే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది. కరెంటు లేకపోయినా ప్యానెళ్లను క్షేమ స్థితికి తెచ్చే బ్యాటరీ లేని ట్రాకర్‌ను కోస్తా జిల్లాల్లో పెట్టవద్దు.

తొమ్మిదో అడుగు: బిగించాక నిజంగా పనిచేస్తోందో లేదో పరీక్షించండి

మబ్బు లేని రోజున ఇన్వర్టర్ యాప్‌లో గంటల వారీ గ్రాఫు తెరవండి. బల్లపరుపు ఆకారం రాకుండా ఉదయం బాగా లేచి మధ్యాహ్నం తర్వాత జారిపోతే ప్యానెల్ తూర్పున చిక్కుకుపోయినట్టు, మధ్యలో మాత్రమే గుట్ట కనిపిస్తే అసలు కదలడమే లేనట్టు. ఉదయం, సాయంత్రం చివర్లు రెండూ సమంగా లేకపోతే కంట్రోలర్ గడియారమో, ఉత్తర దక్షిణ రేఖో తప్పి ఉంటుంది, రెండో అడుగులోని కర్రను మళ్లీ పాతండి. గ్రాఫు పైభాగం కత్తిరించినట్టు గంటల తరబడి ఒకే గీత మీద ఆగితే, ఇన్వర్టర్ సామర్థ్యం చాలక ట్రాకర్ సంపాదించినదంతా అక్కడే వృథా అవుతోందని అర్థం.

లాభాన్ని కొలవడానికి నిరుటి బిల్లుతో పోల్చకండి, ఏ రెండు సంవత్సరాల మబ్బులూ ఒకటి కావు. ఒక వరుసను నెలపాటు కదలకుండా ఆపి, పక్క వరుసతో కిలోవాట్‌కు ఎన్ని యూనిట్లో పోల్చడమే నమ్మదగిన పద్ధతి. ప్యానెళ్లను చేత్తో తిప్పే సోలార్ పంపు అయితే రెండు ఎండ రోజులు చాలు: ఒక రోజు తిప్పకుండా, మర్నాడు మూడుసార్లు తిప్పి, పొద్దున నీరు పడిన సమయాన్ని, సాయంత్రం ఆగిన సమయాన్ని, తొట్టి నిండిన లెక్కను రాసుకోండి. రెండో రోజు సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు ప్యానెల్‌ను మళ్లీ తూర్పుకు వాల్చి వెళ్లండి, లేకపోతే మర్నాడు మీరు వచ్చేదాకా అది పడమర చూస్తూనే ఉంటుంది.